యల్లాప్రగడ సుబ్బారావు – కీళ్ళవాతపు మందు

తెల్లవారి లేచునప్పటికి వ్రేళ్ళు బిగిసికొనిపోయి, చెంబు పట్టుకొనుటకును, జడ వేసికొనుటకును చేయి రాక బాధపడు స్త్రీలు నర్సీపట్నము వంటి పట్టణములలోను, చుట్టుపట్ల పల్లెలలోను కనబడుచుందురు. ఎండ యెక్కిన గంటకో రెండు గంటలకో ఆ బిగువు కొంత సడలును. మరునాటి యుదయమునకు మరల వచ్చును. పెద్దలు దీనిని కీళ్ళవాత మనిరి. మాధవనిదానము ఆమవాత మను పేరుతో ఇట్టి వ్యాధిని వర్ణించినది. నేటి వైద్యులు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అనుచున్నారు. వయస్సు మీరినకొలది మోకాళ్ళు అరిగి వచ్చు నొప్పి వేరు, ఇది వేరు. ఇది ముప్పది, నలువది యేండ్లవారికిని వచ్చును. పురుషులకంటె స్త్రీలకు ఎక్కువగా వచ్చును. ఈ రోగులకు వైద్యులు సాధారణముగా మొదట వ్రాసి యిచ్చునది వారమున కొక్క దినము మాత్రమే వేసికొనవలసిన చిన్న మాత్ర. దాని పేరు మెథోట్రెక్సేట్. ఆ మందు పుట్టిన ప్రయోగశాలకు నాయకుడు భీమవరమున పుట్టిన తెలుగువాడని దానిని మ్రింగువారిలో ఎందరికి తెలియును?

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన జన్మించెను. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథము. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న యుద్యోగి. అనారోగ్యముచే ముందుగనే యుద్యోగము విడువవలసివచ్చెను. ఏడుగురు సంతానములో సుబ్బారావు నాల్గవవాడు. బాల్యమున ఆయనకు చదువుపై శ్రద్ధ తక్కువ. పదమూడేండ్ల ప్రాయమున, కాశీలో యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవచ్చునని తలంచి యిల్లు విడిచి బయలుదేరెనట. తల్లి ఆ ప్రయాణమును సాగనీయక వెనుకకు రప్పించెను. రాజమహేంద్రవరములో సాగిన చదువు కుటుంబపు కష్టములతో కుంటువడెను. మెట్రిక్యులేషన్ పరీక్ష మూడవమారు గాని గట్టెక్కలేదు. అదియు మద్రాసులోని హిందూ హైస్కూలు నుండి. రెండుమారులు తప్పిన పిల్లవానిని మూలకు త్రోయు అలవాటున్న పాఠశాలలకు ఈ సంగతి చెప్పదగినది.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగియగనే ఆయన మనస్సు రామకృష్ణ మిషన్ వైపు మొగ్గెను. సన్న్యాసమునకు తల్లి యొప్పుకొనలేదు. అప్పుడాయన మద్రాసు వైద్యకళాశాలలో చేరెను. చదువునకు మిత్రులును, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును తోడ్పడిరి. 1919లో ఆ మూర్తిగారి కుమార్తె శేషగిరితో ఆయనకు వివాహ మయ్యెను. అది గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మారుమ్రోగుచున్న కాలము. సుబ్బారావు ఖద్దరుతో కుట్టిన అంగీ తొడిగి శస్త్రచికిత్స తరగతికి పోయెను. ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు అది కంటగింపయ్యెను. వ్రాతపరీక్షలు చక్కగా వ్రాసినను సుబ్బారావునకు దక్కినది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికంటె తక్కువదియైన ఎల్.ఎం.ఎస్. పట్టము. మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమునకై చేసిన యత్నము ఫలింపలేదు.

ఆ యేండ్లలోనే ఆయింట పిడుగు పడెను. ఇద్దరు సోదరులు కొద్దిరోజుల వ్యవధిలో స్ప్రూ అను వ్యాధితో మరణించిరి. ఇది ఉష్ణదేశపు సంగ్రహణి. తిన్న అన్నము వంటబట్టదు, రక్తము క్షీణించును, మనిషి ఎండి పోవును. ఆనాడు పాశ్చాత్య వైద్యమున దీనికి సరియైన మందు లేదు. కొంతకాలమునకు సుబ్బారావునకును ఆ వ్యాధి సోకెను. ఆయనను బ్రతికించినది ఆయుర్వేద పండితుడు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్స. ఆ లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే సుబ్బారావు శరీరశాస్త్రము బోధించు ఉపన్యాసకుడుగా చేరెను. ఒక వైద్యము కుదుర్చలేని వ్యాధిని మరియొక వైద్యము కుదిర్చినది. కాని అది యేల కుదిరినదో ఎవరును చెప్పలేకుండిరి. ఆ కారణము తెలిసికొనవలెనను తపనతో ఆయన సముద్రము దాటుటకు నిశ్చయించెను. మామగారి సాయమును, కాకినాడలోని మల్లాడి సత్యలింగము నాయకరు ధర్మనిధి సాయమును లభించెను. 1923లో మన్యమున అల్లూరి సీతారామరాజును పట్టుకొనుటకు ప్రభుత్వ బలగములు కృష్ణదేవిపేట, చింతపల్లి దారులలో గాలించుచున్న రోజులలో, ఖద్దరు తొడిగి పట్టము పోగొట్టుకొన్న ఈ యువకుడు ఓడ యెక్కెను. అక్టోబరు 26వ తేదీన బోస్టన్ నగరము చేరెను. భార్యను త్వరలో వచ్చి కలిసికొందునని యాయన తలంచియుండును. ఆయన వెడలిన పిమ్మట పుట్టిన కుమారుడు శైశవముననే పోయెను. శేషగిరిగారు భర్తను మరల చూడలేదు.

హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణదేశ వైద్యశాలలో ఆయన చేరెను. భారతదేశపు పట్టముతో అక్కడ వైద్యవృత్తి చేయుటకు వీలులేదు. పొట్టకై రాత్రివేళ ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడుగు పని చేసెను. పిమ్మట జీవరసాయన విభాగమున సైరస్ ఫిస్కే అను ఆచార్యునివద్ద పరిశోధకుడుగా కుదిరెను. ఫిస్కే అప్పగించిన పని పైకి చూచుటకు చిన్నది. రక్తములోను, మూత్రములోను, కండలోను భాస్వర మెంత యున్నదో సులువుగా కొలుచు పద్ధతి కావలెను. సుబ్బారావు పట్టుపట్టి దానిని సాధించెను. పరీక్షింపవలసిన రసమునకు మాలిబ్డేటును, మరియొక రసాయనమును కలిపినచో నీలిరంగు పుట్టును. భాస్వర మెంత యెక్కువయో నీలి అంత చిక్కన. ఆ చిక్కదనమును కొలిచినచో భాస్వరపు లెక్క తేలును. 1925లో వెలువడిన ఈ ఫిస్కే–సుబ్బారావు పద్ధతిని జీవరసాయన శాస్త్రపు విద్యార్థులు తరతరములుగా నేర్చికొనుచు వచ్చిరి.

ఈ నీలిరంగే తరువాతి సంగతుల నన్నిటిని బయటపెట్టెను. కండనుండి తీసిన రసములో ఆ రంగు ఒక్కమారుగా గాక, మెల్లమెల్లగా చిక్కబడుచుండెను. మరియొకరైనచో పరీక్షలో ఏదో తేడా వచ్చినదని పారబోసియుందురు. సుబ్బారావు పారబోయలేదు. రంగు ఆలస్యముగా చిక్కబడుచున్నదన్నచో, ఏదో భాస్వర పదార్థము ఆ రసములో మెల్లగా విచ్చిపోవుచున్నదని అర్థము. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దానిని ప్రకటించిరి. కండ ముడుచుకొనుటకు కావలసిన శక్తి లాక్టిక్ ఆమ్లమునుండి వచ్చునని అంతవరకు శాస్త్రజ్ఞులు నమ్ముచుండిరి. ఆ సిద్ధాంతమునకే 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము వచ్చియుండెను. ఆ నమ్మకము కదలిపోయెను. 1929లో కండనుండి మరియొక పదార్థము బయటపడెను. అడినోసిన్ అను అణువునకు మూడు భాస్వరపు తునుకలు వరుసగా అతికియున్నది కనుక దానిని అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అనిరి, ముద్దుగా ఏ.టి.పి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దానిని విడిగా కనుగొనెను. ప్రతి జీవకణమును శక్తిని ఖర్చుచేయునది ఈ నాణెముతోనే యని నేడు పాఠశాల పుస్తకములలో కలదు. ఆ పాఠము చెప్పునపుడు సుబ్బారావు పేరు చెప్పువారు మాత్రము తక్కువ. ఆ మూడు తునుకలును ఊడిపోగా మిగులు వట్టి అడినోసిన్‌ను ఇచ్చట గుర్తుంచుకొనవలెను. ఈ కథలో అది చివరకు మరల వచ్చును.

1930లో ఆయనకు హార్వర్డు డాక్టరేటు నిచ్చెను. స్థిరమైన పదవి నీయలేదు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థములను ఫిస్కే అసూయచే వెలుగు చూడనీయలేదనియు, వానిని తరువాతివారు మరల కనుగొనవలసివచ్చినదనియు, అప్పుడు వారితో పనిచేసి 1988లో నోబెల్ బహుమానము పొందిన జార్జి హిచ్చింగ్స్ పిమ్మట చెప్పెను. పదునేడేండ్లు ఆ చాకిరి చేసి, 1940లో సుబ్బారావు న్యూయార్కు రాష్ట్రమునందు పెర్ల్ రివర్ అను చోటనున్న లెడర్లీ ప్రయోగశాలలకు పోయెను. 1942లో అక్కడి పరిశోధనకు అధిపతి యయ్యెను. విశ్వవిద్యాలయము ఇవ్వని స్వేచ్ఛను ఒక మందుల కంపెనీ యిచ్చుట ఆశ్చర్యమే.

అచ్చట ఆయన మొదట పట్టిన పని సోదరులను పొట్టబెట్టుకొన్న వ్యాధికి సంబంధించినది. కాలేయములో రక్తము పట్టించు గుణము కలదని ఆనాటికే తెలియును. బొంబాయిలో గర్భిణీ స్త్రీలకు వచ్చు ఒక విధమైన రక్తహీనత ఈస్టు సారముతో కుదురునని లూసీ విల్స్ అను ఇంగ్లీషు వైద్యురాలు 1931లో చూపియుండెను. ఆ గుణము కల పదార్థమే ఫోలిక్ ఆమ్లము. సుబ్బారావు బృందము దానిని వేరుచేసి, నిర్మాణము తెలిసికొని, 1945లో ప్రయోగశాలలో తయారుచేసెను. టామ్ స్పైస్ అను వైద్యుడు దానిని స్ప్రూ రోగులకిచ్చి, క్షీణించిన రక్తము మరల పట్టుట చూచెను. చిరకాలముగా వెంటాడిన వ్యాధికి సమాధానము దొరకినది. అప్పటికి సోదరులు పోయి యెన్నో యేండ్లయినది.

ఇచ్చట కథ అడ్డముగా తిరిగెను. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు క్యాన్సరు గల పిల్లలకు ఫోలిక్ ఆమ్ల జాతి మందులిచ్చి చూడగా వ్యాధి తగ్గుటకు మారు వేగము హెచ్చినట్లు తోచెను. అట్లయినచో దానికి విరోధియైన పదార్థ మిచ్చినచో? ఫోలిక్ ఆమ్లమువలె కనబడుచు, దాని స్థానమును ఆక్రమించి, దాని పని జరుగనీయని అణువు కావలెను. తాళముచెవి వలె తాళములో దూరును గాని తిరుగదు. అసలు చెవికి చోటును ఇయ్యదు. లెడర్లీలో అట్టి అణువులు తయారైనవి. డోరిస్ సీగర్ అను రసాయనవేత్త చేతిమీదుగా వచ్చినవి వానిలో ముఖ్యమైనవి. ఒకటి అమినాప్టెరిన్, రెండవది అమెథాప్టెరిన్. రెండవ దానికే మెథోట్రెక్సేట్ అను పేరు పిమ్మట స్థిరపడినది. అమినాప్టెరిన్ ఇచ్చిన పదునారుగురు పిల్లలలో పదిమందికి తాత్కాలికముగా వ్యాధి శమించినదని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించెను. రక్తపు క్యాన్సరునకు మందన్నది ఉండవచ్చునని లోకము నమ్మినది అప్పుడే.

బోదకాలునకు నేటికిని ఊరూర పంచిపెట్టు డి.ఇ.సి. మాత్రయు, ఆరియోమైసిన్ అను మొదటి టెట్రాసైక్లిన్ మందును ఆ ప్రయోగశాల ఫలములే. రెండవది బెంజమిన్ డుగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుని చేతిలో వెలువడినది. వానిని గూర్చి వేరుగా వ్రాయవలెను. 1948 ఆగస్టులో ఒకనాటి రాత్రి నిద్రలో గుండె యాగి సుబ్బారావు మరణించెను. వయస్సు ఏబదిమూడేండ్లు. మెథోట్రెక్సేట్ కీళ్ళవాతమునకు పనికివచ్చునని ఆయన ఎరుగడు, ఊహించిన దాఖలాయు లేదు. ఆయనను పొగడు తొందరలో కొందరు ఆ ఘనతను సూటిగా ఆయనకే అంటగట్టుదురు. అది న్యాయము కాదు, అవసరమును కాదు.

ఆయన పోయిన మూడేండ్లకు, 1951లో, న్యూయార్కులో రిచర్డ్ గుబ్నర్ అను వైద్యుడును సహచరులును అమినాప్టెరిన్‌ను కొద్ది మోతాదులో రుమటాయిడ్ వ్యాధి గలవారికిచ్చి చూచిరి. కీళ్ళ వాపు తగ్గెను. సోరియాసిస్ అను చర్మవ్యాధియు తగ్గెను. కాని వారి మాట విన్నవారు తక్కువ. కార్టిజోన్ మందు అప్పుడే వచ్చి, మంచమునుండి లేవని రోగులను నడిపించి, అందరి దృష్టిని లాగికొని పోయినది. కార్టిజోన్ చేయు కీడు బయటపడుటకు కొంతకాలము పట్టెను. క్యాన్సరు మందును కీళ్ళనొప్పుల కిచ్చుటకు వైద్యులు జంకిరి కూడ. ఆ జంకు తప్పనలేము. మూడు దశాబ్దములకు పైగా గడచినవి. 1985లో బోస్టన్‌కు చెందిన మైకేల్ వైన్‌బ్లాట్ బృందము, ఎవరికి మందు, ఎవరికి ఉత్తమాత్ర అన్నది రోగికిని వైద్యునికిని తెలియనీయక చేసిన పరీక్షలో, వారమున కొక్కమారిచ్చిన మెథోట్రెక్సేట్ స్పష్టముగా పనిచేయుట చూపెను. 1988లో అమెరికా ప్రభుత్వపు మందుల శాఖ ఈ వ్యాధికి దాని నంగీకరించెను. సుబ్బారావు రాత్రులు పాత్రలు కడిగినదియు, ఫార్బర్ పిల్లలకు వైద్యము చేసినదియు, ఈ పరీక్ష జరిపినవారిదియు ఒకటే నగరము.

ఇంతకు, ఆ మాత్ర లోపల చేయునదేమి? దీనికి సమాధానము చెప్పుటకు ముందు కీలులో జరుగు యుద్ధమును చూడవలెను. 1882లో సిసిలీ ద్వీపమునందలి మెస్సినాలో రష్యా దేశీయుడు ఇల్యా మెచ్నికోవ్ సముద్రపు నక్షత్రచేప పిల్లకు సన్నని ముల్లు గ్రుచ్చి, తెల్లవారునప్పటికి ఆ ముల్లు చుట్టును కదలాడు కణములు మూగుట సూక్ష్మదర్శినిలో చూచెను. పరాయి వస్తువును మ్రింగివేయు భక్షక కణములు ప్రాణికి పుట్టుకతోనే కలవని ఆయన తేల్చెను. 1908లో నోబెల్ బహుమానము పంచుకొనెను. నేర్చుకొనిన పాఠముతో పనిలేక, మునుపెరుగని శత్రువుపైనను వెంటనే దుమికెడు ఈ శక్తినే స్వాభావిక రోగనిరోధక మనుచున్నారు. మన రక్తములోని న్యూట్రోఫిల్ కణములును, అవయవములలో కాపుండు స్థూలభక్షక కణములును ఈ సైన్యమునకు చెందినవే. కాలికి ముల్లు దిగినచోట ఎఱ్ఱబడి, వాచి, వేడెక్కి, చీము పట్టుట వీని పనియే. ముల్లు పోగానే సైన్యము మరలిపోవలెను.

రుమటాయిడ్ వ్యాధిలో ముల్లు లేదు. సైన్యము మాత్రము మరలిపోదు. కీలు లోపలి పలుచని పొరలో స్థూలభక్షకములు గుమిగూడి టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్ మొదలగు సంకేత పదార్థములను విడుచును. ఆ కబురు విని న్యూట్రోఫిల్ కణములు లక్షల సంఖ్యలో కీలు నీటిలోనికి దిగును. శత్రువును కరగించుటకై అవి దాచుకొన్న రసములు మెత్తని ఎముకను తినివేయును. న్యూట్రోఫిల్ కణములు చనిపోవుచు తమ డి.ఎన్.ఏ. దారములను వలవలె విసరునని 2004లో బెర్లిన్ పరిశోధకులు కనుగొనిరి. ఆ వలలలో చిక్కిన స్వంత ప్రోటీనులే శరీరమునకు పరాయివిగా తోచి కలహమును పెంచునని ఇటీవలి పరిశోధనలు చెప్పుచున్నవి. నేర్చుకొని పోరాడు లింఫోసైటు కణములకు ఈ కలహమున భాగము లేదని కాదు; ఆరంభమున వానిదే పెద్ద తప్పు కావచ్చును. కాని కీలును పాడుచేయు చేతులు చాలవరకు ఈ భక్షక కణములవి.

ఇక్కడనే ఏ.టి.పి. మరల ప్రవేశించును. కణము లోపల నున్నంతసేపు అది శక్తినిచ్చు నాణెము. కణము పగిలి అది బయట పడినచో భక్షక కణములకు అపాయ ఘంటిక. స్థూలభక్షకము ఆ ఘంటిక విని ఇంటర్‌ల్యూకిన్‌ను విడుచును, వాపు పెరుగును. ప్రకృతి దీనికి విరుగుడును పెట్టినది. కణముల ఉపరితలమున నున్న ఎంజైములు బయటి ఏ.టి.పి. నుండి భాస్వరపు తునుకలను ఒక్కొక్కటిగా త్రుంచును. చివరకు మిగులునది వట్టి అడినోసిన్. అది న్యూట్రోఫిల్‌ను, స్థూలభక్షకమును తాకినచో అవి శాంతించును. ఒకే అణువు, మూడు తునుకలతో ఉన్నపుడు కేక. అవి ఊడినపుడు ఊరడింపు.

మెథోట్రెక్సేట్ కొద్ది మోతాదులో పనిచేయునది ముఖ్యముగా ఈ ఊరడింపుద్వారా నని న్యూయార్కులో బ్రూస్ క్రాన్‌స్టీన్ బృందము 1990 దశకమున చూపెను. మందు కణములలో చేరి, ఫోలిక్ ఆమ్లముతో జరుగవలసిన ఒక చర్యను ఆటంకపరచును. అందుచే ఒక మధ్య పదార్థము పోగుపడును. ఆ పోగు వలన అడినోసిన్ బయటకు హెచ్చుగా వచ్చును. న్యూట్రోఫిల్ కణములు అతుకుకొనుట మానును. ఈ వాదమును పండితులందరును పూర్తిగా అంగీకరింపలేదు, వేరు మార్గములును చెప్పుచున్నారు. అయినను ప్రయోగముల బలము దీనికి చాల కలదు. 1929లో హార్వర్డులో సుబ్బారావు కండనుండి తీసిన అణువును, 1947 ప్రాంతమున పెర్ల్ రివర్‌లో ఆయన బృందము చేసిన మందును, ఆయన కలలోనైన తలంపని విధముగా రోగి కీలులో కలిసికొన్నవి. ఒక దానికొరకు ఆయన రెండవదానిని వెదకలేదు. భాస్వరపు పరిశోధన అన్నము పెట్టిన పని, ఫోలిక్ ఆమ్లము సోదరుల మరణము పెట్టిన పని.

కణములలో చేరిన మందు తునుకలు అతికించుకొని చాలదినములు నిలుచును గనుక దీనిని వారమున కొక్కమారు వేసికొనిన చాలును. మోతాదు సాధారణముగా 7.5 మొదలు 25 మిల్లీగ్రాములు. పొరబాటున దినదినము మ్రింగి ప్రాణము పోగొట్టుకొన్నవారు కలరు. కనుక ఏ వారమో చీటిమీద వ్రాయించుకొనుట మంచిది. రక్తమును, కాలేయమును వైద్యులు మధ్యమధ్య పరీక్షింతురు. గర్భిణులకు ఇది యీయరాదు. నోటిపూత, వికారము మొదలగు బాధలు తగ్గుటకై దీనితోపాటు, వేరొక దినమున, ఫోలిక్ ఆమ్లపు మాత్రను కూడ వ్రాయుదురు. విరోధియు, దాని విరుగుడును ఒకే ప్రయోగశాలనుండి వచ్చి ఒకే రోగి డబ్బాలో పడియుండును. 1992లో లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ బృందము స్థూలభక్షకములు విడుచు టి.ఎన్.ఎఫ్.ను అణచు సూదిమందును మొదటిసారి రోగులకిచ్చెను. ఆ జాతి మందులు పిమ్మట పెక్కు వచ్చినవి, వాని వెలయు పెద్దదే. అవి యిచ్చునపుడు కూడ వైద్యులు చీటి నడుమ మెథోట్రెక్సేట్ పేరును తరచుగా కొట్టివేయక యుంచుచున్నారు. రెండును కలిసిననే మేలు హెచ్చని తేలినది.